తండ్రి తెచ్చినవాడు, తానై వచ్చినవాడు

హజ్రత్ ఉమర్ (రజి) పరిపాలనా కాలంలో (క్రీ.శ. 634–644) ఇస్లామీయ రాజ్యంలో మొట్టమొదటిసారిగా ఒక పట్టిక తయారయింది. దానికి 'దీవాన్' అని పేరు. బైతుల్ మాల్ నుండి ఎవరికి ఎంత వార్షిక భృతి ముట్టాలో అందులో వ్రాయించారు. ముఖ్యంగా ఇస్లాం కోసం ఎవరు ఏమి చేశారన్నదానినిబట్టి తరగతులు ఏర్పరచారు. తొలి ముహాజిర్లకు 4,000 చొప్పున నిర్ణయమయింది. ఖలీఫా కుమారుడైన అబ్దుల్లా (రజి) కూడా మక్కా నుండి మదీనాకు వలస వచ్చినవారే. అయినా ఆయన పేరు ఎదుట 3,500 అని మాత్రమే వ్రాశారు. ఆయన కూడా ముహాజిరే గదా, ఎందుకు తగ్గించారని కొందరు అడిగారు. అతన్ని తల్లిదండ్రులు వెంటబెట్టుకొని వచ్చారు, తనంతట తానుగా ఇల్లు విడిచి వచ్చినవానితో అతడు సమానుడు కాడు అని ఖలీఫా సమాధానం చెప్పారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉన్నది.

హిజ్రత్ నాటికి అబ్దుల్లా (రజి) సుమారు పదకొండేండ్ల బాలుడు. తరువాతి కాలంలో ఆయన ఎంతటి విద్వాంసుడయ్యారో, హదీసు ఉల్లేఖనలో ఆయన స్థానమేమిటో మనకు తెలుసు. కాబట్టి ఈ 500ల తగ్గింపు ఆయన యోగ్యతను కించపరచటానికి చేసింది కాదు. తండ్రి ఇచ్చిన ఊతాన్ని కొడుకు ప్రతిభగా లెక్క కట్టరాదన్నదే అందులోని సూత్రం. మరి మూడు సంగతులు కూడా గమనించాలి. పట్టిక నలుగురికీ తెలిసి ఉన్నది. అడిగినవారికి కారణం దొరికింది. అన్నిటికంటే ముఖ్యంగా, పట్టిక వ్రాయించినవాడు తన బిడ్డ విషయంలో చేతిని సడలించలేదు.

ఈనాడు మన రాష్ట్రాలలో ఏటా వేసవిలో మరొక పట్టిక వెలువడుతుంది. ప్రవేశ పరీక్షల ర్యాంకుల పట్టిక అది. దాని కోసం లక్షల ఇళ్ళు ఎదురుచూస్తాయి. ఆ పట్టికలో తండ్రి తెచ్చినవాడెవరు, తానై వచ్చినవాడెవరు అని అడిగే ఆచారం మనకు లేకుండా పోయింది. పేరున్న కుటుంబాల పిల్లలకు విద్యాలయ ద్వారాలు ఎట్లా తెరుచుకుంటూ వచ్చాయి, ఆ ద్వారాలకు కాపలా పెట్టేందుకు ఎవరేమి చేశారు అన్న చరిత్రను క్లుప్తంగా పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

విద్యాదానంలో ప్రముఖులకు మొదటి పీట వేయరాదన్న హెచ్చరిక మనకు దివ్య ఖుర్ఆన్ నుండే అందింది. ఎనభయ్యవ సూరా 'అబస' అవతరణ సందర్భం పాఠకులకు తెలిసినదే. మహాప్రవక్త (స) ఖురైషు నాయకులతో మాట్లాడుతుండగా, అంధుడైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ఏదో నేర్చుకోగోరి వచ్చారు. ఆయన వైపు తిరగక నాయకులపై దృష్టి నిలిపినందుకు అల్లాహ్ మందలింపు వచ్చింది. ఆ నాయకులు దారికి వస్తే సమాజానికి మేలు జరుగుతుందన్న సదుద్దేశ్యమే అక్కడ ఉన్నది. అయినా, నేర్చుకోవాలన్న తపనతో వచ్చినవాని హక్కు ముందుదని అల్లాహ్ నిర్ణయించాడు. పెద్దవాళ్ళ పిల్లలను చేర్చుకుంటే సంస్థకు పలుకుబడి పెరుగుతుంది గదా అని వాదించేవారు ఈ సూరాను మరొకసారి చదువుకోవాలి.

ఇమామ్ బుఖారీ (రహ్మ) చివరి దినాల గాథ ఈ విషయానికి మరీ సన్నిహితమైనది. ఆయన స్వస్థలమైన బుఖారాకు తిరిగి వచ్చాక, అక్కడి పాలకుడు ఖాలిద్ ఇబ్నె అహ్మద్ జుహలీ ఆయనను తన భవనానికి వచ్చి గ్రంథాలు వినిపించమని కోరాడు. విద్యను పాలకుల గుమ్మాలకు మోసుకుపోనని ఇమామ్ నిరాకరించారు. పోనీ, తన పిల్లల కొరకు ఇతరులెవ్వరూ రాని ప్రత్యేక పాఠం ఏర్పాటు చేయమని పాలకుడు అడిగాడు. కొందరి కోసం మరికొందరిని వెళ్ళగొట్టే పాఠం తాను చెప్పలేనని ఇమామ్ దానికీ ఒప్పుకోలేదు. ఫలితంగా ఆయన ఊరు విడిచిపెట్టవలసి వచ్చింది. హిజ్రీ 256 (క్రీ.శ. 870)లో ఈదుల్ ఫిత్ర్ ముందు రాత్రి సమర్‌ఖంద్ సమీపంలోని ఖర్తంక్ అనే గ్రామంలో కన్నుమూశారు. చరిత్రకారులు నమోదు చేసిన ఈ ఉదంతంలో పాలకుడు అడిగింది చాలా చిన్న కోరిక. తన పిల్లలకు పాఠం చెప్పమన్నాడు, అంతే. దాని వెనుక ఉన్న బహిష్కరణను చూసిన దూరదృష్టి ఇమామ్‌ది.

అయితే ముస్లిం సమాజాలన్నీ ఈ దారినే నడిచాయనుకోవటం పొరపాటు. మన లోపాలను దాచిపెట్టి పరుల లోపాలను మాత్రమే లెక్కించటం చరిత్ర రచన అనిపించుకోదు. ఉస్మానీ తుర్కుల సామ్రాజ్యంలో మద్రసాలు, న్యాయస్థానాలు కలిసి ఒకే విద్యావ్యవస్థగా ఉండేవి. ఏ విద్యార్థి ఏ గురువు వద్ద ఎంతవరకు చదివాడో నమోదు చేసి, వరుస ప్రకారం ఉద్యోగాలు ఇచ్చే పద్ధతిని పదహారవ శతాబ్దంలో అబుస్సఊద్ ఎఫెంది క్రమబద్ధం చేశారు. కాని గొప్ప ఉలమా కుటుంబాల కుమారులకు ఆ వరుసలో ముందు స్థానం దొరకటం క్రమంగా ఆనవాయితీ అయింది. 1630 ప్రాంతంలో కోచీ బేగ్ అనే అధికారి నాల్గవ మురాద్ సుల్తానుకు సమర్పించిన నివేదికలో, విద్యాపదవులు యోగ్యతనుబట్టి గాక సిఫారసులనుబట్టి పంపకమవుతున్నాయని వాపోయాడు.

1695 నుండి 1703 వరకు షైఖుల్ ఇస్లాంగా ఉన్న ఫైజుల్లా ఎఫెంది తన కుమారులకు ఉన్నత పదవులు కట్టబెట్టి, తన తరువాత తన పదవి కూడా కుమారునికే దక్కేటట్లు ఏర్పాటు చేసుకున్నాడు. 1703లో లేచిన తిరుగుబాటులో ఆయన ప్రాణాలే కోల్పోయాడు. అయినా ఆ జాడ్యం ఆగలేదు. పాలు తాగే వయస్సులోనే అధ్యాపక హోదా పొందిన పెద్దింటి బిడ్డలను ప్రజలు 'ఊయల ఉలమా' అని ఎగతాళి చేసేవారు. ఇస్తంబూలు మద్రసాల పతనానికి కారణాలు అనేకం. వాటిలో ఈ ఊయల ఒకటి అనటంలో సందేహం లేదు.

ఇక మన దక్కనుకు వద్దాం. హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ 1850 దశకంలో దారుల్ ఉలూమ్‌ను నెలకొల్పి అరబీ, ఫారసీ విద్యలకు ఆధునిక రూపం ఇచ్చాడు. ఆ తరువాత 1870 దశకంలో తన కుమారుల చదువు కోసం, కులీన కుటుంబాల పిల్లల కోసం మద్రసయె ఆలియాను ఏర్పాటు చేశాడు. కులీనుల బిడ్డలకే ఉద్దేశించిన మద్రసయె అయిజ్జా కూడా ఆ శతాబ్దంలోనే వెలిసింది. 1887లో మద్రసయె ఆలియా, హైదరాబాదు స్కూలు కలిసి నిజాం కళాశాల అయినాయి. 1923లో ఏడవ నిజాం కాలాన బేగంపేటలో జాగీర్దార్ల కళాశాల ప్రారంభమయింది. అక్కడ ప్రవేశానికి కావలసిన అర్హత పేరులోనే ఉన్నది. తండ్రికి జాగీరు ఉండాలి. 1949లో జాగీర్లు రద్దయిన తరువాత, 1951లో అదే సంస్థ హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారి ఇతరులకు తలుపులు తెరిచింది.

'అయిజ్జా' అన్న పదం గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. అరబీలో 'అజీజ్' శబ్దానికి అది బహువచనం. గౌరవనీయులు, బలవంతులు అని అర్థం. దివ్య ఖుర్ఆన్‌లో ఇరవై ఏడవ సూరా 'నమ్ల్'లో సబా రాణి తన సలహాదారులతో మాట్లాడే ఘట్టంలో ఈ పదం వస్తుంది. రాజులు ఒక పట్టణంలో ప్రవేశించినప్పుడు అక్కడి గౌరవనీయులను హీనులుగా మార్చివేస్తారని ఆమె హెచ్చరిస్తుంది. అంటే ఆ పదం అక్కడ నిలకడ లేని హోదాను సూచిస్తున్నది. పాఠశాలకు ఆ పేరు పెట్టినవారి మనస్సులో ఈ ఆయతు మెదిలి ఉండదు. మెదిలి ఉంటే, 1949 అంత ఆశ్చర్యంగా తోచేది కాదు.

నిజాం 1800లో కంపెనీవారికి అప్పగించిన దత్త మండలాల కథ వేరు. అనంతపురం ప్రాంతంలో థామస్ మన్రో నాటిన రైత్వారీ పద్ధతి వల్ల గోదావరి జిల్లాలలో వలె పెద్ద జమీందారీలు పాతుకోలేదు. కాబట్టి రాజకుమారుల పాఠశాలలు ఇక్కడ లేవు. అసలు కళాశాలలే లేవు. 1882లో జిల్లాగా ఏర్పడిన అనంతపురంలో 1916లో దత్త మండల కళాశాల నెలకొన్నది. 1946లో మంజూరయిన ఇంజనీరింగ్ కళాశాల మొదట మద్రాసులోని గిండీలో నడిచి, 1948లో అనంతపురం చేరింది. ప్రభుత్వ మెడికల్ కళాశాల రావటానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. తలుపు దూరంగా ఉన్నచోట, తెలిసినవారి సిఫారసు ఉన్నవాడే ముందుగా దానిని తడతాడు.

ఈ సిఫారసుల రోగానికి మందుగానే పరీక్ష వచ్చింది. మెడికల్ సీట్లకు వేర్వేరు విశ్వవిద్యాలయాల మార్కులను పోల్చటంలోని చిక్కును తప్పించేందుకు 1970–71లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవేశ పరీక్ష పెట్టింది. 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. వెనుకబడిన తరగతులకు కేటాయించిన 25 శాతం సీట్లను కూడా అదే తీర్పు నిలబెట్టింది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించటంతో, అనంతపురం విద్యార్థికి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఒక భరోసా దొరికింది. 1983లో శాసనసభ కాపిటేషన్ ఫీజును నిషేధించి, వృత్తి విద్యా ప్రవేశాలను మార్కులు లేక ఉమ్మడి ప్రవేశ పరీక్ష ర్యాంకు ఆధారంగానే జరపాలని చట్టం చేసింది. తరువాతి మూడు దశాబ్దాలు 'ఎంసెట్' అన్న మాట ఇంటింటి మాట అయింది.

పలుకుబడి మాత్రం ఊరుకోలేదు. ముందు తలుపు మూసినప్పుడల్లా అది పక్క కిటికీ వెతుక్కున్నది. మొదటి కిటికీ మౌఖిక పరీక్ష. శ్రీనగర్‌లోని రీజనల్ ఇంజనీరింగ్ కళాశాలలో వ్రాతపరీక్షకు 100, ఇంటర్వ్యూకు 50 మార్కులుండేవి. రెండు మూడు నిమిషాలలో ముగిసే ఇంటర్వ్యూలో, తండ్రి ఎవరు, ఏ ఊరు వంటి ప్రశ్నలే అడిగారని విద్యార్థులు కోర్టుకెక్కారు. అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు మొత్తం మార్కులలో మూడవ వంతును ఇంటర్వ్యూకు కేటాయించటం అన్యాయమని, 15 శాతం మించరాదని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది పేరు ఖాలిద్ ముజీబ్. బుఖారాలో ఖాలిద్ అడిగిందీ, శ్రీనగర్‌లో ఇంటర్వ్యూ పేరిట జరిగిందీ పోల్చి చూస్తే, పేరు కలవటం యాదృచ్ఛికమే గాని, ప్రశ్న మాత్రం పాతదే.

రెండవ కిటికీ మార్కుల పుస్తకమే. 1985లో బొంబాయి విశ్వవిద్యాలయపు ఎం.డి. పరీక్షలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి శివాజీరావ్ పాటిల్ నిలంగేకర్ కుమార్తె మార్కులు దిద్దారన్న వివాదం బొంబాయి హైకోర్టుకు చేరింది. కోర్టు తప్పు పట్టటంతో 1986 మార్చిలో ఆయన రాజీనామా చేశాడు. ఒక ముఖ్యమంత్రి పదవిని ఒక మార్కుల పట్టిక కదిలించటం మన దేశ చరిత్రలో అరుదైన ఘటన.

మూడవ కిటికీ డబ్బు. ప్రైవేటు మెడికల్, దంత వైద్య కళాశాలలకు ఇచ్చిన అనుమతులను 1992లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేయగా, ముఖ్యమంత్రి ఎన్. జనార్దనరెడ్డి పదవి వదులుకోవలసి వచ్చింది. 1993లో మన రాష్ట్రం నుండే వెళ్ళిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు సగం ఉచిత సీట్లు, సగం చెల్లింపు సీట్లు అన్న పథకం నిర్ణయించింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ పథకాన్ని తొలగించింది. 2005లో ఇనాందార్ తీర్పు ప్రవాస భారతీయుల పేరిట 15 శాతం వరకు సీట్లు ఉండవచ్చన్నది. దగ్గరి చుట్టాలతో బాటు దూరపు చుట్టాలను కూడా ప్రవాసుల కోటాలో చేర్చబోయిన పంజాబ్ ప్రభుత్వ ప్రయత్నాన్ని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మోసంగా వర్ణించి త్రోసిపుచ్చింది.

నాల్గవ కిటికీ ప్రశ్నపత్రం. 2016లో తెలంగాణలో మెడికల్ ప్రవేశాల కోసం జరిగిన ఎంసెట్–2 ప్రశ్నలు ముందే కొందరి చేతికి చేరినట్లు బయటపడి, పరీక్ష రద్దయింది. సెప్టెంబరులో విద్యార్థులందరూ మరల వ్రాయవలసి వచ్చింది. కొనుక్కున్నవారు కొందరు, శిక్ష అనుభవించినవారు అందరూ.

ఇది మన దేశపు జాడ్యం మాత్రమే అనుకొని కుంగిపోనక్కరలేదు. 2019 మార్చిలో అమెరికాలో 50 మందిపై అభియోగాలు మోపారు. వారిలో 33 మంది తల్లిదండ్రులు. నటీమణులు, కంపెనీ అధిపతులు అందులో ఉన్నారు. పిల్లల ప్రవేశ పరీక్షల జవాబులు దిద్దించటం, ఆడని ఆటలలో వారిని క్రీడాకారులుగా చూపించటం వారిపై వచ్చిన ఆరోపణలు. సూత్రధారి విలియం సింగర్‌కు 2023లో మూడున్నరేండ్ల జైలుశిక్ష పడింది. సంపద ఎంత ఉన్నా, బిడ్డ తానై నిలబడగలడన్న నమ్మకం తండ్రికి లేకపోతే జరిగేది ఇదే.

ఈ చరిత్ర అంతా కొత్తచెరువు వంటి ఊరికి ఏమి చెబుతున్నది? 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ ఊరి పేరులోనే చెరువు ఉన్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే పీఠభూమి ఇది. వేరుశనగ పంట వానదేవుని చేతిలో ఉంటుంది. పంట పోయిన ఏడు కూలి కోసం బెంగుళూరు దారి పట్టే కుటుంబాలు ఈ సీమలో కొల్లలు. మన ఉర్దూ మాట్లాడే కుటుంబాలకూ, తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకుల సోదరులకూ ఈ కష్టం ఒకటే. చెరువు కింద సేద్యం చేసే సీమలో అందరికీ తెలిసిన న్యాయం ఒకటున్నది. తూము దగ్గరి మడికి నీరు తనంతట అందుతుంది. కొసమడికి నీరు చేరాలంటే నీరుగట్టి నిజాయితీపరుడై ఉండాలి. తూము పక్కవాడు ఎక్కువ పండించాడని అతన్నే మంచి రైతు అనము. కొసమడిలో నాలుగు గింజలు పండించినవాని పనితనాన్ని ఊరు గుర్తిస్తుంది.

పరీక్ష కూడా అటువంటి కాలువే. పరీక్ష లేకుంటే తూము పక్కవాడే నీరంతా పట్టుకుపోతాడు. కాబట్టి పరీక్షను తీసివేయమనటం పేదవానికి మేలు కాదు. కాని ర్యాంకు ఒక్కటే ప్రతిభకు కొలత అనటం కూడా న్యాయం కాదు. హైదరాబాదు, విజయవాడలలో రెండేండ్లు కోచింగ్ హాస్టలులో ఉండి, తప్పినచోట మరొక ఏడు లాంగ్‌టర్మ్ శిక్షణ పొందిన బిడ్డ ర్యాంకు ఒకటి. పొద్దున వేరుశనగ పీకి, మధ్యాహ్నం ప్రభుత్వ కళాశాలకు బస్సు పట్టుకొని, ఇంట్లో ఇంతవరకు ఎవ్వరూ చదవని చదువు చదివిన బిడ్డ ర్యాంకు మరొకటి. 2017 నుండి మెడికల్ ప్రవేశాలు జాతీయ స్థాయి నీట్ ద్వారా జరుగుతున్నందున ఈ దూరం ఇంకా పెరిగే అవకాశం ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) దృష్టిలో మొదటి బిడ్డ తల్లిదండ్రులు తెచ్చినవాడు, రెండవ బిడ్డ తానై వచ్చినవాడు. రిజర్వేషన్ల వెనుక ఉన్న తర్కం కూడా ఇదే. 2007 నాటి చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు లభించిన 4 శాతాన్ని హైకోర్టు 2010లో కొట్టివేసినా, అదే ఏడు సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. దానిని కొందరు దయగా చిత్రిస్తారు. నిజానికి అది లెక్క సరిచేయటం.

ఇంతవరకు ప్రభుత్వం, కోర్టులు అంటూ మాట్లాడుకున్నాం. ఇక మన గుమ్మం వైపు చూడాలి. రాజ్యాంగం 30వ అధికరణం మనకు సొంత విద్యాసంస్థలు నెలకొల్పే హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఎవరి పేరున వచ్చింది? కొసమడి పిల్లల పేరున. మరి మన కళాశాలలలో, మద్రసాలలో సీటు ఎవరికి ముందు దొరుకుతున్నది? చందా ఎక్కువ ఇచ్చినవారి బిడ్డకా, కమిటీ సభ్యుని మేనల్లునికా, తోడు ఎవరూ లేక దరఖాస్తు పట్టుకొని వరండాలో నిలబడ్డ బిడ్డకా? ప్రతి కమిటీ తన రిజిస్టరు తెరిచి చూసుకుంటే సమాధానం దొరుకుతుంది. మైనారిటీ సంస్థలలో సైతం ప్రవేశాలు న్యాయంగా, పారదర్శకంగా, యోగ్యతానుసారంగా జరగాలని 2002 తీర్పు చెప్పింది. కోర్టు చెప్పేదాకా మనం ఆగవలసిన అవసరం లేదు. మఖ్జూమ్ వంశపు స్త్రీ దొంగతనం చేసినప్పుడు ఆమె గొప్పింటి బిడ్డ అని సిఫారసు చేయవచ్చినవారితో మహాప్రవక్త (స) ఏమన్నారో మనమంతా జుమా ఉపన్యాసాలలో విన్నాం. తన సొంత కుమార్తెకైనా మినహాయింపు లేదన్నారు. పూర్వ జాతులు గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించినందువల్లనే నాశనమయ్యాయని హెచ్చరించారు.

బిడ్డకు మంచి చదువు చెప్పించాలనుకోవటం ఏ తండ్రికైనా ధర్మమే గదా, అందులో తప్పేమిటని ఎవరైనా అడగవచ్చు. తప్పేమీ లేదు. హజ్రత్ ఉమర్ (రజి) తన కుమారుని వెంటబెట్టుకొని రావటం తప్పు కాలేదు. అతని పేరు పట్టికలో లేకుండా చేయలేదు. భృతి కూడా ఇచ్చారు. ఆ ఊతాన్ని కూడా కొడుకు ఖాతాలో జమకట్టి, ఒంటరిగా నడిచి వచ్చినవానితో సమం చేయటానికి మాత్రం ఒప్పుకోలేదు. పక్షపాతానికీ, వాత్సల్యానికీ మధ్య సరిహద్దు అక్కడ ఉన్నది.

మన సంస్థలు ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టటం కష్టమేమీ కాదు. దరఖాస్తులు ఎన్ని వచ్చాయో, సీట్లు ఏ ప్రాతిపదికపై ఇచ్చారో మసీదు తలుపుకు అంటించవచ్చు. కమిటీ సభ్యుల బంధువుల దరఖాస్తులను ఆ సభ్యుడు లేని సమావేశంలో, వీలయితే బయటి ఊరి ఉపాధ్యాయుల చేత నిర్ణయింపజేయవచ్చు. ఇద్దరి మార్కులు సమానంగా ఉన్నప్పుడు, ఇంటిలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కుతున్న బిడ్డకు ముందు స్థానం ఇవ్వవచ్చు. సీటు దొరకని తల్లి వచ్చి ఎందుకు దొరకలేదని అడిగితే, ఆమెను కూర్చోబెట్టి కారణం చెప్పవచ్చు. దాదాపు పధ్నాలుగు శతాబ్దాల క్రితం మదీనాలో అడిగినవారికి కారణం దొరికింది. కొత్తచెరువులో అడిగేవారికి కూడా దొరకాలి.